సేవా సంస్థ పని ఫలిస్తోందో లేదో తేల్చుకోవడం ఎలా?

విదేశీ నిధులతో నడిచే ఏ సంస్థ వార్షిక నివేదిక తెరిచినా ముందు కనిపించేవి అంకెలే. ఇన్ని బోర్లు వేశాం, ఇన్ని స్కూల్ బ్యాగులు పంచాం, ఇంతమంది మహిళలకు శిక్షణ ఇచ్చాం. పక్కనే నవ్వుతున్న పిల్లల ఫొటో. ఆ అంకెలన్నీ నిజమే అయినా, వాటి వల్ల తెలిసేది సంస్థ ఎంత తిరిగింది, ఎంత పంచింది అన్నదే. ఎవరి బతుకులో ఏం మారిందో అందులో ఉండదు.

ఈ గైడ్ చిన్న, మధ్యస్థాయి సంస్థల్లో ప్రోగ్రాం చూసుకునేవాళ్ల కోసం, వాటి ట్రస్టీల కోసం రాస్తున్నాను. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ నలుగురూ కలిసి డబ్బు పోగేసి సొంతూరికి పంపే మనవాళ్లకూ పనికొస్తుంది. దీనికి పెద్ద రీసెర్చ్ బడ్జెట్ అక్కర్లేదు. ఒక్క ప్రశ్నను మాత్రం మొదటి నుంచి చివరిదాకా వదలకూడదు: మనం ఈ పని చేయకపోయి ఉంటే ఏమయ్యేది?

1. ముందు ఒక వాక్యం రాయండి

మన పని ఫలిస్తే రెండేళ్ల తర్వాత ఎవరికి, ఏది, ఎంత మారి ఉంటుంది? జవాబు ఒక్క వాక్యంలో రావాలి. "గ్రామీణ మహిళల సాధికారత" అని వస్తే కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టండి. "మా బడుల్లో మూడో తరగతి పిల్లలు పదిమందిలో ముగ్గురే చిన్న కథ చదవగలుగుతున్నారు, రెండేళ్లలో ఐదుగురు చదవాలి" లాంటిది పనికొస్తుంది. బయటివాళ్లు ఎవరైనా బడికి వెళ్లి, పిల్లవాడి చేతికి ఒక పేజీ ఇచ్చి నిజమో కాదో తేల్చుకోవచ్చు.

ఈ వాక్యం సరిగ్గా రాసుకోకపోతే ఎంత నష్టమో బంగ్లాదేశ్ అనుభవం చెబుతుంది. చెరువులు, కుంటల నీళ్లు తాగి పిల్లలు అతిసారంతో చనిపోతున్నారని 1970ల నుంచి యూనిసెఫ్ లాంటి సంస్థల సాయంతో అక్కడ లక్షల కొద్దీ చేతిబోర్లు దించారు. నివేదికల్లో బోర్ల సంఖ్య ఏటేటా పెరిగింది. ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమో అని మాత్రం ఎవరూ పరీక్ష చేయలేదు. 1993లో విషయం బయటపడింది. తర్వాత ఊరూరా తిరిగి బోర్లు పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, ప్రమాదకరమైనవాటికి ఎరుపు రంగు వేయాల్సి వచ్చింది. లెక్కపెట్టింది బోర్లను, కావలసింది తాగితే జబ్బు చేయని నీళ్లు.

2. మెట్లు గీసి, ఎక్కడ తెగుతుందో వెతకండి

మీరు ఇచ్చే వస్తువు నుంచి మీరు రాసిన వాక్యం దాకా మధ్యలో ఏమేం జరగాలో ఒక్కొక్కటే రాయండి. నిధులిచ్చేవాళ్ల భాషలో దీన్ని థియరీ ఆఫ్ చేంజ్ అంటారు. పేరుకు భయపడక్కర్లేదు, తెల్లకాగితం, పెన్ను చాలు. పుస్తకాలు బడికి చేరాలి, బీరువాలో ఉండిపోకుండా పిల్లల చేతికి రావాలి, పిల్లలు వాటిని చదవగలగాలి, చదివింది అర్థం కావాలి. ప్రతి మెట్టు పక్కన "ఇది జరుగుతుందని మనకెలా తెలుసు?" అని రాసి, జవాబు లేని చోట ఎర్ర గీత పెట్టండి.

పశ్చిమ కెన్యాలో బడులకు ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో, తర్వాత నోబెల్ అందుకున్న మైకేల్ క్రెమర్, ఆయన సహచరులు గమనించింది ఇదే. పిల్లల సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే బాగా చదివే కొద్దిమందికే లాభం కలిగింది. పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. మూడో మెట్టు దగ్గరే తెగిపోయింది. మన ఊళ్లలో ఇంగ్లిష్ మీడియం పుస్తకాలు పంచుదామనుకునే దాతలు ఒకసారి ఆగి ఆలోచించాల్సిన విషయం.

మన నమ్మకాలనూ ఈ కాగితం మీదికి తేవాలి. "ఫ్రీగా ఇస్తే విలువ తెలియదు, ఎంతో కొంత తీసుకోవాలి" అన్న మాట ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. ఆర్థికవేత్తలు జెస్సికా కోహెన్, పాస్కలీన్ డూపా కెన్యాలో గర్భిణుల క్లినిక్‌లలో దీన్ని దోమతెరలతో పరీక్షించారు. ఉచితంగా ఇచ్చిన తెరకు సుమారు 60 సెంట్లు ధర పెట్టగానే తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు పడిపోయారు. పోనీ ఫ్రీగా తీసుకున్నవాళ్లు తెర మూలన పడేశారా అంటే, వాళ్లూ డబ్బిచ్చినవాళ్లంతగానే వాడారు.

3. ఎవరైనా ఇప్పటికే తేల్చారేమో చూడండి

చిన్న సంస్థలు చాలాసార్లు దాటేసే మెట్టు ఇది. పేదరికం తగ్గించే పనులను పరీక్షించే పరిశోధన కేంద్రం, ఎంఐటీలో 2003లో మొదలైన జే-పాల్, 2007 నుంచి సంస్థలను జల్లెడ పడుతున్న గివ్‌వెల్ తమ సమాచారాన్ని నెట్‌లో ఉచితంగా పెట్టాయి. మీరు చేయబోయే పని వేరే చోట ఏం ఇచ్చిందో ఒక పూట కూర్చుంటే తెలిసిపోతుంది.

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. చిన్న అప్పులు పేదరికాన్ని తుడిచేస్తాయని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో, హైదరాబాద్‌లో 104 బస్తీలు ఎంచుకుని, లాటరీలో వచ్చిన సగం బస్తీల్లో ముందుగా చిన్న అప్పులిచ్చే స్పందన సంస్థ బ్రాంచీలు తెరిచేలా చూశారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం అది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు కొంత పెట్టుబడి పెంచుకున్నారు. ఇంటి ఖర్చులో మాత్రం సగటున చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడం, వీటిలోనూ మార్పు కనిపించలేదు. కుట్టుమిషన్ కొనుక్కుని పైకొచ్చిన ఒక మహిళ కథ అబద్ధం అని దీనర్థం కాదు. ఆ కథ ఒక్కదాన్ని చూసి నలభై ఊళ్లలో ప్రోగ్రాం పెట్టకూడదని అర్థం.

రుజువైన పనినే మీరు చేస్తుంటే మళ్లీ రుజువు చేయాల్సిన అవసరం లేదు. దోమతెరలు పంచేవాళ్లు అవి మలేరియాను ఆపుతాయా అని కొత్తగా పరిశోధన చేయక్కర్లేదు. తెర ఇంటికి చేరిందా, ఆరు నెలల తర్వాత మంచం మీద వేలాడుతోందా, చిరిగిందా అన్నది చూస్తే చాలు. ఆ పని మాత్రం శ్రద్ధగా చేయాలి.

4. పోలిక ఊళ్లను ముందే పెట్టుకోండి

"మేం వచ్చాక హాజరు పెరిగింది" అనడం తేలిక. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి మొదలై తల్లుల ఖాతాల్లో 15 వేల రూపాయలు పడ్డాయి. ఆ రోజుల్లో ఒక మండలంలో స్కూల్ బ్యాగులు పంచిన సంస్థకు హాజరు పెరిగినట్టు కనిపిస్తే, ఆ ఘనత బ్యాగుదో పదిహేను వేలదో ఎలా తెలుస్తుంది? బ్యాగులు ఇవ్వని పక్క ఊళ్లలో కూడా హాజరు చూసి ఉంటేనే తెలుస్తుంది. వానలు బాగా పడిన ఏడాది రైతుల ఆదాయం మీ శిక్షణ లేకపోయినా పెరుగుతుంది.

పోలిక పెట్టడానికి ఎవరికీ సాయం ఎగ్గొట్టనక్కర్లేదు. మీ దగ్గర ఎలాగూ అన్ని ఊళ్లకూ ఒకేసారి సరిపోయే డబ్బు ఉండదు. నలభై ఊళ్లు అనుకుంటే, మొదటి ఏడాది ఇరవై, రెండో ఏడాది మిగతా ఇరవై. ఏవి ముందు అన్నది సర్పంచుల ఎదుటే చీటీలు తీసి తేల్చండి. రెండో విడత ఊళ్లే మీ పోలిక ఊళ్లు. కెన్యాలోని బుసియాలో 75 బడుల్లో నులిపురుగుల మందును ఇలాగే విడతలవారీగా ఇచ్చి చూశారు. మొదట మందు అందిన బడుల్లో గైర్హాజరు దాదాపు పావు వంతు తగ్గింది. చీటీలకు ఇంకో లాభం కూడా ఉంది: "మా ఊరు ఎందుకు వెనక పెట్టారు?" అని ఎవరూ మీ మీదికి రారు.

మీ ఊళ్లు రెండో మూడో అయితే ఈ మెట్టు వదిలేయండి. ఒకే ఊళ్లో రెండు వందల మందిని అడిగినా అది ఒక ఊరి సంగతే. ఆ ఊళ్లో మంచి హెడ్‌మాస్టర్ ఉంటే మీ లెక్కంతా ఆయన పుణ్యమే అవుతుంది. అంత తక్కువ ఊళ్లు ఉన్నప్పుడు సాయం సరిగ్గా చేరుతోందా, జనం వాడుతున్నారా అన్నంతవరకే చూసుకోండి. ప్రభావం తేల్చేశాం అని రాసుకోకండి.

5. సర్వే: ఇక్కడే అంతా చెడుతుంది

సర్వే చేసేవాళ్లు, సాయం అందించేవాళ్లు ఒకరే కాకూడదు. నిన్న టాయిలెట్ కట్టించిన అన్న ఇవాళ టాబ్ పట్టుకుని వచ్చి "అమ్మా, మీరంతా టాయిలెట్ వాడుతున్నారా?" అంటే ఆవిడ ఏమంటుంది? "వాడుతున్నాం బాబూ." టాబ్‌లో "అవును" నొక్కడం, ముందుకెళ్లడం. వంద ఇళ్లు తిరిగితే తొంభై ఐదు అవున్లు వస్తాయి, అందరూ సంతోషంగా ఉంటారు.

అదే ప్రశ్న విడగొట్టి చూడండి. "ఇంట్లో ఎంతమంది ఉంటారు? మామగారు పొద్దున ఎక్కడికి వెళ్తారు? పెద్దబ్బాయి? చిన్నపాప?" అని ఒక్కొక్కరి గురించి విడిగా అడగాలి. "కొందరు బయటికి వెళ్తారు, కొందరు ఇంట్లోనే వెళ్తారు, మీ ఇంట్లో ఎట్లా?" అని మొదలుపెడితే బయటికి వెళ్తామని చెప్పడం సిగ్గుగా అనిపించదు. తర్వాత, అనుమతి అడిగి ఆ గది ఒక్కసారి చూడాలి. తలుపు గొళ్లెం తుప్పుపట్టి ఉందా, లోపల బకెట్, మగ్గు ఉన్నాయా, లేక కట్టెలు, పిడకలు పేర్చి ఉన్నాయా? ఇంటి నుంచి అక్కడికి నడిచిన దారి ఉందా, గడ్డి మొలిచిందా? ఈ నాలుగు చూస్తే నోటి మాట అవసరమే పెద్దగా ఉండదు. నీళ్లయితే క్లోరిన్ కలుపుతున్నారా అని అడగడంతో ఆగకుండా, బిందెలోంచి కాస్త తీసుకుని టెస్ట్ కిట్ చుక్కలు వేసి రంగు చూడండి.

చదువుకైతే కొత్తగా ప్రశ్నపత్రం తయారు చేసుకోనక్కర్లేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పిల్లల చదువు స్థాయి చూసే అసర్ సర్వేలో వాడుతున్న పేజీ తెలుగులోనూ ఉంది: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, ఒక కథ. ఒక్కో పిల్లవాడికి నిమిషాల్లో అయిపోతుంది. పరీక్ష పెట్టిన రోజు బడికి వచ్చినవాళ్లనే లెక్కేస్తే మాత్రం మోసపోతారు. వెనకబడ్డవాళ్లే ఎక్కువగా బడి మానేసేది. మొదట పేరు రాసుకున్న ప్రతి పిల్లవాడి ఇంటికీ వెళ్లాలి, చేలో పనికి వెళ్తే సాయంత్రం మళ్లీ వెళ్లాలి.

కోబోటూల్‌బాక్స్ లాంటి యాప్ ఉంటే సిగ్నల్ లేని ఊళ్లో కూడా పని నడుస్తుంది. ఫారం ఎన్ని గంటలకు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది అందులో నమోదవుతుంది. అరగంట పట్టే ఫారం ఆరు నిమిషాల్లో పూర్తయితే, చెట్టు కింద కూర్చుని నింపారని అర్థం. పదింటిలో ఒక ఇంటికి వేరే మనిషిని మళ్లీ పంపి, జవాబు మారే వీలులేని నాలుగైదు ప్రశ్నలు తిరిగి అడిగించండి. ఈ బ్యాక్ చెక్ ఉంటుందని సర్వే టీమ్‌కు మొదటి రోజే చెప్పేస్తే సగం తప్పులు పుట్టనే పుట్టవు.

ప్రశ్నలు తక్కువగా ఉండాలి. జవాబు ఏదైనా మీరు చేసే పనిలో తేడా రాదనుకుంటే ఆ ప్రశ్న తీసేయండి. కూలి పని వదులుకుని మీ ముందు కూర్చున్న మనిషి సమయం అది.

6. ఒక్కో మార్పుకు ఎంత పడిందో లెక్క వేయండి

ఉదాహరణకు మీ చదువు ప్రోగ్రాంకు 12 లక్షలు ఖర్చయింది, 600 మంది పిల్లలు ఉన్నారనుకోండి. కథ చదవగలిగేవాళ్లు 30 శాతం నుంచి 50 శాతానికి పెరిగారు.

నివేదికల్లో మామూలుగా వేసే లెక్క: 12 లక్షలు, 600 మంది, తలకు 2 వేలు. ఇందులో మార్పు ఊసే లేదు. కాస్త మెరుగైన లెక్క: 20 శాతం అంటే 120 మంది కొత్తగా చదవగలుగుతున్నారు, ఒక్కొక్కరికి 10 వేలు. ఇప్పుడు పోలిక ఊళ్లను చూడండి. అక్కడ మీరు లేకపోయినా 30 శాతం 42 అయింది. అంటే మీ వాటా 8 శాతమే, 48 మంది పిల్లలు. ఒక్కొక్కరికి 25 వేలు. చివరి అంకె చూస్తే బోర్డు మీటింగ్‌లో టెన్షన్ మొదలవుతుంది. అయినా వేరే సంస్థ పనితో, మీ పాత ఏడాదితో పోల్చుకోవడానికి పనికొచ్చేది అదొక్కటే.

ఈ లెక్క వేస్తేనే కొన్ని వింతలు బయటపడతాయి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో సేవామందిర్ సంస్థతో కలిసి 134 ఊళ్లలో టీకాల మీద ఒక ప్రయోగం చేశారు. మామూలు ఊళ్లలో పూర్తి టీకాలు పడిన పిల్లలు 6 శాతం. నెలనెలా తప్పకుండా క్యాంపు పెట్టిన ఊళ్లలో 18 శాతం. క్యాంపుతో పాటు టీకాకు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక పళ్లేల సెట్టు ఇచ్చిన ఊళ్లలో 39 శాతం. పప్పుకు అదనంగా డబ్బు పెట్టారు కదా, ఖర్చు పెరిగి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. పూర్తి టీకాలు పడిన ఒక్కో బిడ్డకు ఖర్చు పప్పు లేని చోట 56 డాలర్లు, పప్పు ఇచ్చిన చోట 28. నర్సు జీతం, జీపు ఖర్చు ఇద్దరు పిల్లలు వచ్చినా ఇరవై మంది వచ్చినా అంతే. ఎక్కువమంది వస్తే ఆ ఖర్చు అందరిమీదా పంచుకుపోయింది. "టీకాకు పప్పు లంచమా?" అని ఆ ఆలోచనను మొదట్లోనే కొట్టిపడేసి ఉంటే ఇది తెలిసేది కాదు.

ఆఫీసు ఖర్చు ఎంత శాతం అన్న ప్రశ్నతో ఎక్కువ సమయం వృథా చేయకండి. ఆ శాతం చూసి సంస్థ మంచిచెడ్డలు తేల్చవద్దని అమెరికాలో దాతలకు సమాచారమిచ్చే మూడు పెద్ద సంస్థలే 2013లో బహిరంగ లేఖ రాశాయి. మన దేశంలో మాత్రం చట్టం ఉంది: 2020 సవరణతో విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. సర్వే జీతాలు, ప్రయాణాలు ఏ పద్దు కింద వస్తాయో బడ్జెట్ రాసే ముందే ఆడిటర్‌ను అడిగి తెలుసుకోండి.

7. ఫలితాలను ముందు ఊరికి చెప్పండి

మనవాళ్లకు ఇది కొత్త కాదు. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్ రోల్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి "నువ్వు ఇన్ని రోజులు పనిచేసినట్టు రాశారు, నిజమేనా?" అని అడిగి, గ్రామసభలో చదివి, చివరికి మండలంలో అందరి ముందూ విచారణ పెట్టడం. అదే పద్ధతి మీ ప్రోగ్రాంకూ వాడండి. ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు, సర్వేలో ఏం తేలింది అన్నది ఒక చార్టు మీద తెలుగులో రాసి సభలో చదవండి. మీ టీమ్ వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా దొరకని కారణం అక్కడ వెనక వరసలో కూర్చున్న ఒక ముసలావిడ నోటి వెంట వస్తుంది. వాటర్ ప్లాంట్‌కు జనం ఎందుకు రావడం లేదంటే, ప్లాంట్ తెరిచే టైముకు అందరూ కూలికి వెళ్లిపోతారని తేలొచ్చు.

8. అంకె బాగోకపోతే ఏం చేస్తారో ముందే రాసి సంతకం పెట్టండి

సర్వే మొదలవకముందే బోర్డు మినిట్స్‌లో రాయించండి: ఇంతకన్నా తక్కువ వస్తే పద్ధతి మారుస్తాం, ఇంతకన్నా తక్కువైతే ఆపేస్తాం. ఫలితాలు వచ్చాక కూర్చుంటే ఎవరి సాకులు వాళ్లకు ఉంటాయి.

బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో వరి కోతలకు ముందు పనులు లేక పస్తులుండే కాలాన్ని మొంగా అంటారు. ఆ రోజుల్లో బస్సు ఖర్చుకు సరిపడా సుమారు 8.50 డాలర్లు ఇస్తే జనం పట్నం వెళ్లి పని చేసుకుంటారని, ఇంట్లో తిండి మెరుగుపడుతుందని 2008లో చేసిన ప్రయోగంలో తేలింది. దాన్ని చిన్న అప్పు రూపంలో ఎవిడెన్స్ యాక్షన్ సంస్థ విస్తరించింది. 2017లో గివ్‌వెల్ తన అగ్ర జాబితాలోనూ చేర్చింది. నిధులు వస్తున్నాయి, పేరు వచ్చింది. అయినా ఆ సంస్థ కొలవడం ఆపలేదు. పెద్ద ఎత్తున చేసిన 2017 విడతలో వలస పెరగనే లేదని తేలింది. 2019లో ప్రోగ్రాం మూసేశారు.

ఎందుకు విఫలమైందని పరిశోధకులు తవ్వితే కనిపించిన ఒక కారణం ప్రతి సంస్థకూ సంబంధించినదే. అప్పులిచ్చే సిబ్బందికి టార్గెట్లు ఉన్నాయి. వాళ్లు ఎలాగూ వలస వెళ్లేవాళ్లనే ఎంచుకుని టార్గెట్ నింపారు. అప్పు తీసుకున్నవాళ్లలో చాలామంది ఆ అప్పు లేకపోయినా బస్సెక్కేవాళ్లే.

అందుకే ఈ వారం చేయగల పని ఒకటి చెబుతాను. మీ ఫీల్డ్ సిబ్బంది నెలవారీ టార్గెట్ షీట్ తీయండి. "ఇంతమందికి ఇవ్వాలి" అన్న ప్రతి గడి పక్కన "ఎవరికి?" అన్న గడి ఒకటి చేర్చండి: ఇల్లు ఊరి చివర ఉందా, ఇంతకు ముందు ఏ సంస్థ సాయమైనా అందిందా, ఈ నెల మన మీటింగ్‌కు వచ్చారా. రెండు నెలలు నింపించి చూస్తే, రోడ్డు పక్క ఇళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నాయో లేదో తెలిసిపోతుంది.